పాత కిటికీలు మార్చాలా, బాగు చేయించుకోవాలా? ఖర్చుకు తగిన ఫలితాన్ని లెక్క కట్టే పద్ధతి

పాత కిటికీల సంగతి తేల్చుకుందామని కూర్చున్న ఇంటి యజమాని ముందు సాధారణంగా రెండే కాగితాలుంటాయి. ఒకటి కొత్త కిటికీలు అమ్మేవారు ఇచ్చిన కొటేషన్, రెండోది గత ఏడాది కరెంటు బిల్లు. మొదటిదాన్ని చూస్తే గుండె జారుతుంది, రెండోదాన్ని చూస్తే వెంటనే మార్చేద్దామనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండవలసిన మూడో కాగితం, అంటే ఇంట్లో ఒక్కో కిటికీ పరిస్థితి ఏమిటో రాసుకున్న పట్టిక, దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. ఆ మూడో కాగితాన్ని తయారు చేసుకుని, దాని ఆధారంగా లెక్క కట్టడం ఎలాగో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కరెంటు ఆదా అవుతుందన్న ఒక్క కారణంతో, గట్టిగా ఉన్న కిటికీలను పీకించి కొత్తవి పెట్టించడం చాలా ఇళ్ళలో గిట్టుబాటు కాదు. కుళ్ళు, నీటి కారుడు, భద్రత, భరించలేని చప్పుడు వంటి కారణాలు ఉన్నప్పుడు, లేదా ఎలాగూ మార్చక తప్పని స్థితి వచ్చినప్పుడు మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. అందుకే "ఇంటి కిటికీలు మార్చాలా?" అనే ఒకే ప్రశ్నకు బదులు, "ఈ కిటికీని ఏం చేయాలి?" అనే ప్రశ్నను ఎన్ని కిటికీలుంటే అన్నిసార్లు వేసుకోవాలి.

మొదట ఫిర్యాదు ఏమిటో రాయండి

ఇంట్లోని ప్రతి కిటికీకి ఒక సంఖ్య ఇచ్చి, నోటుపుస్తకంలో ఒక్కోదానికి అర పేజీ కేటాయించండి. అది ఏ దిక్కున ఉంది, వెడల్పు ఎత్తులు ఎంత, చట్రం కర్రదా, ఇనుముదా, అల్యూమినియందా, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌దా, అద్దం ఒక పొరా రెండు పొరలా అనే వివరాలు రాసుకున్నాక, ఆ కిటికీతో మీకున్న ఇబ్బందిని మీ మాటల్లోనే రాయండి. "పాతబడింది" అనేది ఇబ్బంది కాదు. "సాయంత్రం నాలుగు దాటాక ఈ కిటికీ పక్కన కూర్చోలేము", "గాలివాన వస్తే గట్టు మీద నీళ్ళు నిలుస్తాయి", "కుడి రెక్క తెరుచుకోదు", "చలి రాత్రుల్లో మంచం మీదికి గాలి వస్తుంది" అని రాస్తే, అది ఇబ్బంది.

ఈ పని చిన్నదిగా కనిపించినా దీన్ని దాటవేయవద్దు. ఎండ ఇబ్బందికీ, గాలి చొరబాటుకూ, చప్పుడుకూ, నీటికీ మందులు వేరువేరు. రెండు పొరల అద్దం పెట్టించుకున్నా పడమటి ఎండ గదిలోకి వస్తూనే ఉందని బాధపడేవారు చాలామందే ఉన్నారు. వారు కొన్నది చలికి మందు, వారి జబ్బు ఎండ.

ఒక్కో కిటికీని చేతులతో పరీక్షించండి

ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చి, ఒక అగరుబత్తి, ఒక పాత కాగితం ముక్క ఉంటే చాలు. నిపుణుడిని పిలవడానికి ముందే ఈ పరీక్షలు మీరే చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా.

కర్ర కిటికీ అయితే కింది భాగంతో మొదలుపెట్టండి, ఎందుకంటే నీరు నిలిచేది అక్కడే, కుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. చట్రం కింది పట్టీ మీద, రెక్కల కింది మూలల్లో, నిలువు కర్ర అడుగున స్క్రూడ్రైవరు మొనతో ఒత్తి చూడండి. చేవ ఉన్న కర్ర మొనను ఎదిరించి నిలుస్తుంది, మహా అయితే చిన్న గీత పడుతుంది. కుళ్ళిన కర్రలోకి మొన మెత్తగా దిగబడి, పైకి లేపితే పొడవాటి పీచుగా కాకుండా పొట్టి ముక్కలుగా విరిగి వస్తుంది. రంగు నున్నగా ఉన్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు. రంగు పొర బుడగలా ఉబ్బి, వేలితో నొక్కితే లోపలికి పోయే చోట్లు తప్పకుండా చూడాలి. మొన ఎంత లోతు దిగిందో, ఆ మెత్తదనం ఎంత మేర వ్యాపించిందో కొలిచి రాసుకోండి. గోడకు ఆనుకున్న చోట మట్టి గీతలు కనిపిస్తే చెదలు ఉన్నాయని అర్థం. అప్పుడు కిటికీ సంగతి పక్కన పెట్టి ముందు చెదల సంగతి చూడాలి, లేకపోతే కొత్త కర్రనూ అవే తింటాయి.

ఇనుప కిటికీలో తుప్పు పైపొరకే పరిమితమైందా, లేక పొరలు పొరలుగా లేచి అద్దాన్ని నెడుతోందా అన్నది చూడాలి. తుప్పు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది. మూలల్లో అద్దాలు వాటంతట అవే పగులుతుంటే కారణం సాధారణంగా ఇదే. అల్యూమినియం, యూపీవీసీ కిటికీల్లో చట్రం చెడేది తక్కువ. చక్రాలు, గడియలు, రబ్బరు పట్టీలు అరిగిపోవడమే ఎక్కువ, ఇవన్నీ విడిగా మార్చదగ్గవే.

తరువాత గాలి. రెక్క మూసేటప్పుడు కాగితం ముక్కను మధ్యలో ఉంచి గడియ వేసి లాగండి. సులువుగా జారి వస్తే అక్కడ ఒత్తిడి లేదని అర్థం. గాలి వీస్తున్న రోజున ఫ్యాన్లు ఆపి, వెలిగించిన అగరుబత్తిని పరదాలకు తగలకుండా చట్రం అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ తిన్నగా లేస్తే సరే, ఒక్కసారిగా పక్కకు వాలినా, గోడవైపు లాగినట్టు పోయినా అక్కడ సందు ఉంది. రెక్కకూ చట్రానికీ మధ్య ఉన్న సందు వేరు, చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందు వేరు. రెండింటినీ విడివిడిగా గుర్తు పెట్టుకోండి. రెండోది కిటికీ లోపం కాదు, గోడ పని చేసినవారి లోపం, దానికి సీలెంటు ట్యూబు చాలు.

సందులను తేలిగ్గా తీసుకోకూడదు. 1.25 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న కిటికీ చుట్టుకొలత 4.9 మీటర్లు. దాని చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు ఉంటే, మొత్తం కలిపి సుమారు 98 చదరపు సెంటీమీటర్లు, అంటే గోడకు అరచేతి వెడల్పున నలుచదరపు రంధ్రం పెట్టినట్టే. ఆ రంధ్రాన్ని పూడ్చడానికి కిటికీ మొత్తం మార్చనక్కరలేదు.

ఇంట్లో ఇప్పటికే రెండు పొరల అద్దాలున్నట్టయితే, పొరల మధ్య తేమ కనిపిస్తోందా అని చూడండి. లోపలివైపు తుడిస్తే పోయే తేమ గదిలోని తేమ. బయటివైపు తెల్లవారుజామున పట్టే మంచు నిజానికి మంచి లక్షణం, లోపలి వేడి అద్దం దాటి బయటికి రావడం లేదని అది చెబుతుంది. రెండు పొరల మధ్య తుడవడానికి వీల్లేకుండా మసక పట్టిందంటే మాత్రం అంచుల సీలు పోయింది. అలాంటప్పుడు అమ్మేవారు కిటికీ అంతా మార్చమంటారు. చట్రం గట్టిగా ఉంటే అద్దాల జతను మాత్రమే కొలత ఇచ్చి చేయించుకోవచ్చు, ఖర్చు చాలా తగ్గుతుంది. పొరల మధ్య అంచున ఉండే లోహపు పట్టీ మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉండటం కద్దు, వయసు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. చాలా పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు, వేరే దేశాల్లో ఈ నియమాలు వేరువేరు కాలాల్లో వచ్చాయి. పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దవద్దు, మంట పెట్టి కాల్చవద్దు. ఆ దుమ్ము పసిపిల్లలకూ గర్భిణులకూ ప్రమాదకరం. అనుమానం ఉంటే ముందు రంగును పరీక్ష చేయించి, తరువాతే పని మొదలుపెట్టండి.

నీరు ఎక్కడ నుంచి వస్తోంది?

మా ఇంట్లో పడకగది కిటికీ కింద గోడ ప్రతి వానాకాలం ఉబ్బి, సున్నం రాలేది. వచ్చిన ప్రతివారూ కిటికీనే తప్పుపట్టారు. ఒకాయన కొత్త కిటికీకి కొలతలు కూడా తీసుకుని వెళ్ళాడు. చివరికి ఓ ఆదివారం గొట్టం పట్టుకుని మేమే నీళ్ళు కొట్టి చూస్తే, కిటికీ పైన సన్‌షేడు గోడతో కలిసే చోట గోటి మందం కూడా లేని పగులు కనిపించింది. నీరు అందులో దూరి, గోడ లోపలే దిగి, చట్రం పక్కన బయటపడుతోంది. కొత్త కిటికీ పెట్టించి ఉంటే అదీ తడిసి ఉండేది.

ఆ పరీక్షకు ఒక క్రమం ఉంది. నీళ్ళను ఎప్పుడూ కింది నుంచి పైకి కొట్టుకుంటూ పోవాలి. ముందు కిటికీ గట్టు కింద గోడకు పది నిమిషాలు, తరువాత గట్టుకు, తరువాత రెక్కల పక్కలకు, ఆపైన లింటెలుకు, చివరగా సన్‌షేడుకు. ఒక్కో మెట్టులో లోపల ఒకరు టార్చితో చూస్తూ ఉండాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నింటినీ తడుపుతూ దిగుతుంది, కాబట్టి ఎక్కడ దూరిందో తెలియదు. జరిపే రెక్కల కిటికీ అయితే అంతకన్నా ముందు అడుగున ఉన్న పట్టాల్లో నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలను చూడండి. దుమ్ము, చచ్చిన పురుగులు చేరి అవి మూసుకుపోతే, గాలివానకు పట్టాలు నిండి నీరు లోపలికి పొర్లుతుంది. ఒక సన్నని తీగతో ఐదు నిమిషాల్లో తీరే కష్టం అది.

మరమ్మతు ఎంతవరకు పనికొస్తుంది?

పరీక్షలు పూర్తయ్యాక, మరమ్మతుతో తీరే ఇబ్బందులను ముందు ఏరివేయాలి. కుళ్ళు ఒక మూలకు, ఒక పట్టీకి పరిమితమైతే, మెత్తబడిన భాగాన్ని గట్టి కర్ర తగిలేదాకా కోసేసి, అదే జాతి కర్రతో అతుకు వేయించవచ్చు. చిన్న గుంటలను ఎపాక్సీ అనే, ఆరాక రాయిలా గట్టిపడే జిగురుతో నింపవచ్చు. పని తెలిసిన వడ్రంగి వేసిన అతుకు రంగు పడ్డాక కనబడదు. కుళ్ళు మూల అతుకులన్నిటికీ పాకినా, చట్రం నిలువు కర్రలు గోడలోపలి దాకా చెడినా మరమ్మతు గిట్టదు.

వదులైన బందులకు స్క్రూ రంధ్రాల్లో కర్ర మేకులు దిగగొట్టి, మళ్ళీ బిగిస్తే వాలిపోయిన రెక్క నిలబడుతుంది. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోయిన రెక్కకు వానాకాలంలోనే చిత్రిక పట్టించడం తొందరపాటు. కర్ర ఎండాక అదే చోట సందు తేలుతుంది. కాస్త ఓపిక పట్టి, వాన తగ్గి కర్ర ఆరాక ఇంకా రాసుకుంటున్న చోట మాత్రమే తీయించండి. ఎండి రాలిపోతున్న పుట్టీని తీసి కొత్తది పెట్టించేటప్పుడు, అవిసెనూనె పుట్టీ అయితే పైన పొర గట్టిపడేదాకా ఒకటి రెండు వారాలు ఆగి రంగు వేయాలి. రంగు పుట్టీని దాటి అద్దం మీదికి ఒక గీతంత రావాలి. ఆ గీతే నీటిని ఆపేది, దాన్ని అందం కోసమని గీకేయకూడదు.

రెక్కల అంచులకు రబ్బరు పట్టీలు, జరిపే రెక్కలకు బ్రష్ పట్టీలు వేయడం అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలం ఇచ్చే పని. ఇవి శాశ్వతం కావు, కొన్నేళ్ళకోసారి మార్చాలి. అయినా ఈ పనిని మించిన లాభసాటి పని కిటికీల విషయంలో నాకు కనబడలేదు.

చలి ప్రాంతాల్లో మరో దారి కూడా ఉంది. పాత కిటికీని అలాగే ఉంచి, లోపలివైపు తీసి పెట్టుకునేలా రెండో అద్దాన్ని బిగించడం. ఒక పొర అద్దం ఉన్న కర్ర కిటికీ గుండా పోయే వేడిలో సుమారు సగం దాకా ఇది ఆపగలదు, బాగా బిగిస్తే గాలి చొరబాటునూ చప్పుడునూ కూడా తగ్గిస్తుంది. ఎండ ఇబ్బందికి మాత్రం బయటి నీడే మేలైన మందు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక పరదా వేస్తే, వేడి అప్పటికే గదిలో చేరిపోయి ఉంటుంది. పందిరి, వెదురు తడిక, బయటి తెర, చెట్టు, ఏదైనా సరే ఎండను అద్దం బయటే ఆపాలి. అద్దానికి అంటించే ఫిల్మ్ కూడా కొంత ఉపకరిస్తుంది కానీ, రెండు పొరల అద్దాలకు తగని ఫిల్మ్ వేస్తే అద్దం వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

లెక్క: ధరను డబ్బులో కాకుండా యూనిట్లలో చూడండి

కిటికీ ఎంత వేడిని దాటనిస్తుందో చెప్పే కొలతను యు-విలువ అంటారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో అది చెబుతుంది, కాబట్టి ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక పొర అద్దం ఉన్న కర్ర కిటికీకి చట్రంతో కలిపి ఇది సుమారు 5 ఉంటుంది. ప్రత్యేక పూత పూసి, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపిన రెండు పొరల అద్దంతో, మంచి చట్రంతో వచ్చే కిటికీకి సుమారు 1.6 ఉంటుంది. తేడా 3.4. పైన చెప్పిన 1.5 చదరపు మీటర్ల కిటికీకి ఇది డిగ్రీకి 5.1 వాట్లు. బయట 0 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు ఉన్న రాత్రి కొత్త కిటికీ ఆదా చేసేది 102 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బు వెలిగినంత వేడి.

ఏడాది మొత్తానికి లెక్క కట్టడానికి, చలి తీవ్రతను చెప్పే డిగ్రీ-రోజుల సంఖ్య కావాలి. ఒక నిర్ణీత హద్దు కన్నా బయట ఎన్ని డిగ్రీలు తక్కువగా ఉందో రోజురోజూ చూసి, ఏడాది పొడవునా కూడితే వచ్చే సంఖ్య అది. వాతావరణ శాఖల లెక్కల్లో అది చాలా ఊళ్ళకు దొరుకుతుంది. ఆ సంఖ్యను 24తో, ఆ తరువాత 5.1తో గుణించి, 1,000తో భాగిస్తే ఏడాదికి మిగిలే వేడి, కరెంటు బిల్లులో ఉండే యూనిట్లలోనే (ఒక యూనిట్ అంటే 1,000 వాట్లు గంటసేపు) వస్తుంది. ఒక ఊరికి 2,000 డిగ్రీ-రోజులు అనుకుంటే, మిగిలేది సుమారు 245 యూనిట్లు. గదిని మామూలు కరెంటు హీటరుతో వేడి చేస్తే 245 యూనిట్ల కరెంటూ మిగులుతుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని అందించే హీట్ పంపు ఉంటే, మిగిలేది 82 యూనిట్లే.

ఇప్పుడు వేడి ప్రాంతం సంగతి. ఏసీ వాడే 120 రోజులు, రోజుకు 8 గంటలు, లోపలికీ బయటికీ 8 డిగ్రీల తేడా అనుకోండి. అదే కిటికీ ఆపే వేడి సుమారు 39 యూనిట్లు. ఏసీ కూడా ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది కాబట్టి, కరెంటులో మిగిలేది 13 యూనిట్లు. ఏడాదికి పదమూడు యూనిట్లు! కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

అయితే వేడి ప్రాంతంలో అసలు శత్రువు గాలి వేడి కాదు, నేరుగా పడే ఎండ. దాన్ని కొలిచేది యు-విలువ కాదు, ఎస్‌హెచ్‌జీసీ అని రాసే మరో సంఖ్య. అద్దం మీద పడ్డ ఎండలో ఎంత భాగం వేడిగా లోపలికి చేరుతుందో అది చెబుతుంది. మామూలు ఒక పొర అద్దానికి అది 0.8కి పైనే, ఎండను ఆపే పూత ఉన్న అద్దానికి 0.3 దాకా దిగుతుంది. పడమటి కిటికీలో 1.2 చదరపు మీటర్ల అద్దం ఉండి, 120 రోజుల పాటు రోజుకు మూడు గంటలు, చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడితే, మొత్తం 216 యూనిట్ల వేడి. 0.8 నుంచి 0.3కు తగ్గితే 108 యూనిట్లు ఆగుతాయి, ఏసీ కరెంటులో అది 36 యూనిట్లు. ఆ సమయంలో ఏసీ నడుస్తుంటేనే ఈ ఆదా. ఉత్తరం వైపు కిటికీకీ, ఎదురుగా చెట్టు నీడ ఉన్న కిటికీకీ ఈ లెక్క పెద్దగా వర్తించదు.

ఇక ధర. కొటేషన్‌లోని ఒక కిటికీ ధరను, బిగింపు, గోడ మరమ్మతు, రంగు, పాతదాన్ని తరలించే ఖర్చుతో సహా తీసుకుని, మీరు ఒక యూనిట్ కరెంటుకు కడుతున్న ధరతో భాగించండి. ఆ కిటికీ ఖరీదు ఎన్ని యూనిట్లో వస్తుంది. కరెంటుకు బదులు గ్యాసుతో ఇంటిని వేడి చేసేవారు గ్యాసు యూనిట్ ధరతో భాగించాలి. ఉదాహరణకు 4,000 యూనిట్లు వచ్చిందనుకుందాం. హీట్ పంపు ఉన్న చలి ఇంట్లో ఏడాదికి 82 యూనిట్లు మిగిలితే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు 49 ఏళ్ళు. మామూలు హీటరు ఉన్న ఇంట్లో 16 ఏళ్ళు. వేడి ప్రాంతపు పడమటి కిటికీకి 13, 36 కలిపి 49 యూనిట్లు అనుకుంటే 82 ఏళ్ళు. రెండు పొరల అద్దాల సీలు సాధారణంగా 15 నుంచి 25 ఏళ్ళు నిలుస్తుందన్న సంగతి పక్కన పెట్టుకుని ఈ సంఖ్యలు చూడాలి. డబ్బు తిరిగి రాకముందే అద్దాలు మసకబారితే అది ఆదా కాదు, ముందుగా కట్టేసిన బిల్లు.

ఇక్కడితో ఆగితే తప్పుడు నిర్ణయానికి వస్తాం. పై లెక్క కిటికీ బాగున్నప్పటిది. కిటికీ కుళ్ళిపోయి ఎలాగూ మార్చక తప్పదనుకోండి. అప్పుడు సాదా కొత్త కిటికీకి 2,800 యూనిట్ల ఖరీదు ఎటూ పెట్టాల్సిందే. రెండు పొరలదానికి 4,000 అయితే, లెక్కలోకి తీసుకోవలసింది మధ్య ఉన్న 1,200 మాత్రమే. 82 యూనిట్ల ఆదాతో అది 15 ఏళ్ళలోపు, 245 యూనిట్ల ఆదాతో ఐదేళ్ళలోపు తిరిగి వస్తుంది. కిటికీ ఒకటే, అద్దం ఒకటే. ఒక పరిస్థితిలో దండగ అయినది మరో పరిస్థితిలో తెలివైన ఖర్చు అవుతోంది. అమ్మేవారు ఎప్పుడూ మొత్తం ఆదాను చూపిస్తారు, కొనేవారు ఎప్పుడూ మొత్తం ధరను చూస్తారు. చూడవలసింది తేడాను.

ఈ లెక్కకు గాలి చొరబాటు తగ్గడం వల్ల వచ్చే ఆదాను కలపలేదు. కారణం, దాన్ని రబ్బరు పట్టీలతో కూడా సాధించవచ్చు కాబట్టి కొత్త కిటికీ ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఇంటి పైకప్పుకు వేడిని ఆపే ఏర్పాటు లేకపోతే, కిటికీల కన్నా ముందు అటు చూడటం మంచిది.

యూనిట్లలో ఇమడని కారణాలు

చలి ప్రాంతంలో సౌఖ్యానికి విలువ ఉంది. బయట 0, లోపల 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక పొర అద్దం లోపలి ముఖం సుమారు 5 డిగ్రీలకు పడిపోతుంది. పూత పూసిన రెండు పొరల అద్దం 17 దగ్గర ఉంటుంది. గదిలో తేమ 50 శాతం ఉంటే 9 డిగ్రీల దగ్గర నీరు కట్టడం మొదలవుతుంది కాబట్టి, మొదటి అద్దం మీద రోజూ నీరు కారుతుంది, దాని కింద కర్ర కుళ్ళుతుంది, గోడకు బూజు పడుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఈ ఒక్క కారణం కూడా చాలవచ్చు.

చప్పుడు విషయంలో జాగ్రత్త. 4 మిల్లీమీటర్ల ఒక పొర అద్దం ఆపే శబ్దానికీ, 4 మిల్లీమీటర్ల పొరలు రెండింటిని 12 మిల్లీమీటర్ల సందుతో కలిపిన మామూలు జత ఆపే శబ్దానికీ తేడా ఒకటి రెండు డెసిబెల్స్ మాత్రమే, చెవికి దాదాపు తెలియదు. కొత్త కిటికీ పెట్టాక చప్పుడు తగ్గినట్టు అనిపిస్తే, సాధారణంగా ఆ ఘనత సందులు మూసుకుపోయినందుకే దక్కాలి. నిజంగా చప్పుడే ఇబ్బంది అయితే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న ల్యామినేటెడ్ అద్దాన్నో, వేరువేరు మందాల పొరలనో అడగాలి. లేదా పాత కిటికీకి 100 మిల్లీమీటర్లు, అంతకు మించి దూరంలో లోపల రెండో కిటికీ పెట్టించాలి. ఈ చివరిది చాలా ఖరీదైన జత అద్దాలను కూడా మించిపోతుంది.

భద్రతకు లెక్క అక్కరలేదు. నేలకు దగ్గరగా మామూలు అద్దం ఉంటే, పిల్లలు ఒరిగే చోట రెక్కకు గడియ నిలవకపోతే, అగ్నిప్రమాదంలో బయటపడవలసిన పడకగది కిటికీ తెరుచుకోకపోతే, అది ఈ వారం చేయించవలసిన పని. అయినా అక్కడ కూడా అద్దాన్ని మార్చడమో, గడియ మార్చడమో సరిపోతుందేమో ముందు చూడండి.

ఇంకా ఎన్నేళ్ళు ఆ ఇంట్లో ఉంటారన్నదీ ఆలోచించాలి. అద్దెకిచ్చిన ఇల్లయితే ఆదా మీ జేబులోకి రాదు. అపార్ట్‌మెంటులో, వారసత్వ కట్టడాల్లో బయటి రూపం మార్చడానికి అనుమతి అవసరం కావచ్చు.

మార్చాలని తేలిన కిటికీలకు కొటేషన్ చదవడం

కొటేషన్‌లో యు-విలువ రాసి ఉంటే, అది కిటికీ మొత్తానిదా, అద్దం నడిమి భాగానిదా అని అడగండి. రెండోది సాధారణంగా తక్కువగా, అందంగా కనిపిస్తుంది. అల్యూమినియం కర్ర కన్నా వెయ్యి రెట్లు సులువుగా వేడిని దాటనిస్తుంది కాబట్టి, చలి ప్రాంతంలో అల్యూమినియం చట్రం తీసుకుంటే మధ్యలో వేడిని అడ్డుకునే పట్టీ ఉన్నదే తీసుకోవాలి. యూపీవీసీ అయితే లోపల ఉక్కు బలం ఉందో లేదో, ఎంత మందమో రాతపూర్వకంగా తీసుకోండి. హామీ అద్దాల సీలుకు ఎన్నేళ్ళు, చట్రానికి ఎన్నేళ్ళు, బిగింపుకు ఎన్నేళ్ళు అని విడివిడిగా ఉండాలి.

పాత చట్రంలోనే కొత్త చట్రాన్ని ఇమిడ్చే పద్ధతి చౌక, గోడ పగలదు. కానీ అద్దం వైశాల్యం తగ్గి గదిలో వెలుతురు తగ్గుతుంది. పైగా పాత చట్రంలో కుళ్ళు ఉంటే అది కొత్తదాని వెనక దాక్కుని పెరుగుతుంది. స్క్రూడ్రైవరు పరీక్షలో చట్రం నెగ్గితేనే ఈ పద్ధతికి ఒప్పుకోండి.

గాలి చొరబడని కిటికీలు వచ్చాక గదికి గాలి ఎలా అందుతుందో కూడా ముందే ఆలోచించాలి. ముఖ్యంగా గ్యాసు గీజరు, పొయ్యి, బొగ్గుల కుంపటి వంటివి ఉన్న గదిలో సందులన్నీ మూసేస్తే కార్బన్ మోనాక్సైడు చేరి ప్రాణాల మీదికి వస్తుంది. పాత కిటికీ సందులు ఇన్నాళ్ళూ తెలియకుండా చేసిన మేలు అది. కొత్త కిటికీలో గాలి మార్గం గానీ, ఎగ్జాస్టు ఫ్యాను, దానికి సరిపడా గాలి లోపలికి వచ్చే దారి గానీ ఖర్చులో కలపండి.

ఒక్క కిటికీతో మొదలుపెట్టండి

పట్టికలో అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నదాన్ని ఎంచుకుని, ముందు అదొక్కటే మార్పించండి. అన్నీ కలిపి చేయిస్తే తగ్గిస్తామని బేరం పెడతారు. ఆ తగ్గింపు ఎంతో అడిగి రాసుకోండి కానీ, పనితనం చూడకుండా ఇంటికంతటికీ ఒప్పందం కుదుర్చుకోవద్దు. డబ్బును విడతలుగా ఇచ్చి, చివరి విడతను కింది పరీక్షల తరువాతే ఇస్తామని ముందే కాగితం మీద పెట్టుకోండి.

బిగించిన రోజున చట్రం మూల నుంచి మూలకు రెండు ఏటవాలు కొలతలు తీయండి. అవి సమానంగా లేకపోతే చట్రం వంకరగా కూర్చుంది, కొన్నాళ్ళకు రెక్కలు రాసుకుంటాయి. చీకటి పడ్డాక రెండు పొరల అద్దం ముందు చిన్న మంటను పట్టుకుని ఏటవాలుగా చూడండి. నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి, వాటిలో ఒకదాని రంగు మిగతా మూడింటికి తేడాగా ఉంటే పూత ఉన్న అద్దం వచ్చినట్టు. నాలుగూ ఒకే రంగులో ఉంటే మీరు డబ్బిచ్చిన పూత లేదు. జరిపే కిటికీ అయితే పట్టాల్లో ఒక చెంబు నీళ్ళు పోసి, అవి బయటివైపు రంధ్రాల నుంచి కారిపోతున్నాయో లేదో చూడండి. గొట్టంతో కింది నుంచి పైకి నీళ్ళు కొట్టే పరీక్షను మళ్ళీ చేయండి. అగరుబత్తినీ మళ్ళీ వెలిగించండి.

తీసేసిన పాత రెక్కలను ఆ రోజే లారీ ఎక్కించనివ్వవద్దు. కుళ్ళిన మూలలు కోసేశాక మిగిలే చేవ కర్ర, ఏళ్ళ తరబడి ఎండి నిలదొక్కుకున్న కర్ర. మార్చకుండా ఉంచుకున్న మిగతా కిటికీలకు అతుకులు వేయించేటప్పుడు వడ్రంగి ముందుగా అడిగేది అలాంటి ముక్కలనే.